లంక ఊళ్ళ దూరం ఎవరు కొలవాలి?



వార్షికోత్సవ సంచికకు వ్యాసాలు రాయమని నోటీసు పెట్టిన రోజు రాత్రి, స్టడీ అవర్ అయ్యాక, లంక ఊళ్ళ నుంచి వచ్చిన మేమంతా వరండాలో కూర్చున్నాం. మాలో కొందరివి వశిష్ఠ లంకలు, కొందరివి గౌతమి లంకలు. చదువు విలువ మీద, క్రమశిక్షణ మీద, దేశభక్తి మీద ఏటా మన సంచికలో మంచి వ్యాసాలు వస్తూనే ఉన్నాయి. మా ఊళ్ళ మీద మాత్రం ఎవరూ రాయలేదు. పేపర్లో కూడా లంక కనబడేది జూలై, ఆగస్టు నెలల్లోనే. మోకాటి లోతు నీళ్ళలో నిలబడ్డ ఒక ముసలమ్మ, పడవలో నాలుగు బియ్యం బస్తాలు, గట్టు మీద నుంచి చెయ్యి ఊపే ఒక పెద్దమనిషి. ఆ ఫొటో పడ్డాక మళ్ళీ ఏడాది దాకా మమ్మల్ని అడిగేవారుండరు. అందుకే మా మాట మేమే రాద్దామనుకున్నాం. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

మెట్ట నుంచి వచ్చిన మిత్రులకు ముందుగా లంక అంటే ఏమిటో చెప్పాలి. ధవళేశ్వరం దాటాక గోదావరి గౌతమి, వశిష్ఠ అని రెండు పాయలవుతుంది. గన్నవరం దగ్గర వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. ఈ పాయల్లో నది తెచ్చి పోసిన ఒండ్రు మేటలే లంకలు. కాటన్ దొర 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాక డెల్టాకు కాలువలు వచ్చాయి, వరి వచ్చింది, అన్నం వచ్చింది. ఊళ్ళను వరద నుంచి కాపాడడానికి ఏటిగట్లు ఉన్నాయి. కానీ మేము ఆ గట్టుకు నది వైపున ఉన్నాం. గట్టు ఎంత ఎత్తు పెంచితే అవతలి ఊళ్ళకు అంత ధీమా. మాకు మాత్రం గట్టు అంటే వరదప్పుడు సామాను నెత్తిన పెట్టుకుని ఎక్కే చోటు.

అలాగని లంక బీదనేల అనుకోకండి. మా నేల బంగారం. ఒకప్పుడు లంక పొగాకు తిరుచిరాపల్లి చుట్టలకు ఎగుమతి అయ్యేది. ఇప్పుడు కొబ్బరి, అరటి, కంద, కూరగాయలు పండుతున్నాయి. పాడి ఉంది. రావులపాలెం మార్కెట్టుకు వచ్చే అరటి గెలల్లో మా లంకలవి ఎన్నో ఉంటాయి. పండించడం మాకు వచ్చు. పండినది ఒడ్డు చేర్చడమే కష్టం.

ఇక అసలు సంగతికి వద్దాం. మా చిక్కులో సగం నది వల్ల వచ్చింది. మిగతా సగం నదిలో గీసిన గీత వల్ల వచ్చింది.

కనకాయలంకనే తీసుకోండి. అది పశ్చిమ గోదావరి జిల్లా యలమంచిలి మండలంలోని ఊరు. కానీ ఆ ఊరి కాజ్‌వే వచ్చి కలిసేది తూర్పు ఒడ్డున చాకలిపాలెం దగ్గర. చాకలిపాలెం ఒకప్పుడు తూర్పు గోదావరి జిల్లా. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు కోనసీమలో చేరింది. ఆ జిల్లాకు తరువాత డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు, మనందరికీ గర్వకారణం. అంటే కనకాయలంక మనిషి ఇల్లు ఒక జిల్లాలో, గడప దాటి వేసే అడుగు మరో జిల్లాలో. ఉప్పు, పప్పు, బస్సు, డాక్టరు అన్నీ తూర్పు ఒడ్డున. రేషన్ కార్డు, పట్టాదారు పాసు పుస్తకం, కుల ధ్రువీకరణ పత్రం పడమటి ఒడ్డున. సొంత మండల కార్యాలయానికి రోడ్డు మీద పోవాలంటే ముందు పరాయి జిల్లాలోకి వచ్చి, దిండి దగ్గర చించినాడ వంతెన ఎక్కి, మళ్ళీ సొంత జిల్లాలోకి పోవాలి. మ్యాపు మీద స్కేలు పెట్టి చూస్తే నాలుగు వేళ్ళ దూరం కూడా లేదు. మనిషి నడిస్తే ఒక రోజు కూలి పోతుంది.

1925లో కృష్ణా జిల్లా నుంచి పశ్చిమ గోదావరిని వేరు చేసిన నాటి నుంచి ఈ సరిహద్దు గోదావరి వెంబడే ఉంది. కాగితం మీద గీత కదలదు. నది కదులుతుంది. ఒక పక్క కోసి మరో పక్క మేట వేస్తుంది. తాతల నాడు పడమటి ఒడ్డుకు దగ్గరగా ఉన్న మెరక మనవళ్ళ నాటికి తూర్పు ఒడ్డుకు దగ్గర కావచ్చు. మనుషులు దగ్గరి ఒడ్డుకే దారి వేసుకుంటారు. కాగితాలు మాత్రం పాత ఒడ్డునే ఉండిపోతాయి.

ఇది మాకు వినికిడి కాదు, అనుభవం. మాలో ఒకడిని ఆరో తరగతిలో హాస్టల్లో చేర్చడానికి వాళ్ళ నాన్న ట్రంకు పెట్టె నెత్తిన పెట్టుకుని కాజ్‌వే దాటి వచ్చాడు. ఒక కార్యాలయంలో కాగితాలు చూసి "మీది ఈ జిల్లా కాదు, మీ జిల్లాలో అడగండి" అన్నారు. అక్కడికి పోతే "మీకు అవతలి ఒడ్డే దగ్గర కదా, అక్కడే చేర్చుకోవచ్చు కదా" అన్నారు. ఇద్దరూ మర్యాదగానే మాట్లాడారు. ఇద్దరూ రూలే చెప్పారు. ఆ రెండు రూళ్ళ మధ్య ఆ పిల్లవాడి చదువు నలభై రోజులు ఆగింది. చివరికి ఒక మేస్టారు పూనుకుని సీటు ఇప్పించారు కాబట్టి వాడు ఈరోజు ఈ వ్యాసంలో ఒక పేరా రాశాడు. మేస్టారు దొరకని పిల్లలు ఎంతమందో మేము చెప్పలేం. వాళ్ళు అరటి తోటల్లో గెలలు మోస్తున్నారు.

వరద లెక్క కూడా ఇలాగే ఉంది. ధవళేశ్వరం బ్యారేజి దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారు. మొదటి హెచ్చరిక నాటికి సుమారు 10 లక్షల క్యూసెక్కులు సముద్రంలోకి పోతుంటాయి. రేడియోలో, టీవీలో ఈ అంకెలు వినగానే అధికారులు కదులుతారు. మంచిదే. కానీ మా కాజ్‌వేల మీదికి ఎర్రనీరు చాలాసార్లు మొదటి హెచ్చరిక రాకముందే ఎక్కేస్తుంది. హెచ్చరిక లేదు కాబట్టి ప్రభుత్వ లెక్కలో వరద లేదు. వరద లేదు కాబట్టి పడవ లేదు, స్కూలుకు సెలవు లేదు, హాజరు పట్టీలో మాత్రం మాకు సున్నా. 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. ఇప్పటికీ మా తాతలు వయసులన్నీ ఆ వరదకు ముందు, ఆ వరదకు తరువాత అనే చెబుతారు. 2022 జూలైలో 25 లక్షలు దాటింది, అది మాలో చాలామందిమి కళ్ళారా చూశాం. అంత పెద్ద వరదలకు దేశమంతా తోడు వస్తుంది. ఏటా వచ్చే ఆ చిన్న వరదకు, ఎవరూ వరద అని పిలవని వరదకు, మాకు ఎవరూ తోడు లేరు.

పి.గన్నవరం మండలంలో జి.పెదపూడి దగ్గరి బూరుగులంక, ఊడిమూడిలంక, అరిగెలవారిపేట వైపు మిత్రులదీ ఇదే కథ. ఎండాకాలంలో నది పాయకు అడ్డంగా తాత్కాలిక గట్టు వేస్తారు. జూలైలో నీరొచ్చి గట్టును కొట్టుకుపోతుంది. ఆ తరువాత నెలల తరబడి పిల్లలు, గర్భిణులు, పాల క్యాన్లు, సైకిళ్ళు అన్నీ ఒకే పడవలో. వంతెన కోసం ఏళ్ళ తరబడి అడిగారు. పనులు మొదలయ్యాక కూడా వరదలకు ఆ తాత్కాలిక గట్టు కొట్టుకుపోయింది. అవతల ఆచంట మండలంలో అయోధ్యలంక, పుచ్చల్లంక పిల్లలను అడిగినా ఇదే చెబుతారు. జిల్లాలు వేరు, పడవ ఒకటే.

దీని దెబ్బ అందరికంటే ముందు ఆడపిల్లల మీద పడుతుంది. మా ఇళ్ళలో చెల్లెళ్ళు మాకంటే బాగా చదివేవాళ్ళే. ఊళ్ళో బడి ఉన్నంతవరకు చదివారు. ఆ తరువాత పడవ ఎక్కి, సాయంత్రం చీకటి పడ్డాక రేవులో దిగాలి అనేసరికి అమ్మా నాన్నా భయపడ్డారు. మగపిల్లవాడికి హాస్టలు, ఆడపిల్లకు పొయ్యి. ఇది మా ఇళ్ళలో తప్పే, మేము ఒప్పుకుంటున్నాం. కానీ రేవు దగ్గర ఒక దీపం, వేళకు తప్పని ఒక పడవ, ఒడ్డున బాలికల హాస్టల్లో ఒక సీటు ఉంటే ఆ భయం సగం పోయేది కాదా?

చదువు మానేసినవాళ్ళ దారి అందరికీ తెలిసిందే. మగవాళ్ళు తోటల్లోకి, ఇసుక రేవుల్లోకి, హైదరాబాదు తాపీ పనుల్లోకి. ఆడవాళ్ళు కువైట్, మస్కట్, దుబాయ్ ఇళ్ళలో పనికి. ఉభయ గోదావరి జిల్లాల నుంచి గల్ఫుకు పోయిన అమ్మలు ఎందరో. వాళ్ళు పంపిన డబ్బుతో లంకలో డాబా లేస్తుంది. ఆ డాబాను గోదావరి కోత వెతుక్కుంటూ వస్తుంది. కోత అంటే చూడనివాళ్ళకు అర్థం కాదు. రాత్రి పడుకున్నప్పుడు ఒడ్డున ఉన్న కొబ్బరి చెట్టు తెల్లారి లేచేసరికి నదిలో తల వాల్చి ఉంటుంది. చెట్టు పోతే మళ్ళీ పెంచుకోవచ్చు. నేలే పోతే? దాని కింద పట్టా ఉన్నవాడికే ఏమైనా పరిహారం మాట. లంక భూమి ప్రభుత్వ భూమి అంటూ ఏడాదికో కౌలు రాసుకుని సాగుచేసిన మన కుటుంబాలకు అడగడానికి కూడా కాగితం లేదు.

ఇదంతా విని కొందరు మిత్రులు అంటారు: "అయితే ఆ లంకల్లో ఎందుకుండాలి? గట్టు ఇవతలకు వచ్చేయండి." ఈ మాట కోపంతో కొట్టిపారేయవలసినది కాదు. నిజంగా కోతకు దగ్గరైన ఇళ్ళను మార్చవలసిందే. వద్దామనుకున్నవాళ్ళకు ఒడ్డున ఇళ్ళ స్థలాలు ఇవ్వవలసిందే. కానీ ఇవతలకు వస్తే సాగుకు భూమి ఎవరిస్తారు? ఇవతల ఒక సెంటు నేల ధర ఎంతో మనకు తెలుసు. లంకలో మన అమ్మానాన్నలు కౌలుకైనా సొంతంగా నాలుగు మొక్కలు పెట్టుకుంటున్నారు, రెండు గేదెలు మేపుకుంటున్నారు. ఇవతల రోజు కూలీలవుతారు. ఊరు మారడం ఎవరి ఇష్టం వాళ్ళది కావాలి. దారి లేక ఊరు ఖాళీ అయితే అది ఇష్టం కాదు, వెళ్ళగొట్టడం.

మరి మేము ఏమి కోరుతున్నాం? వంతెన కావాలి, నిజమే. కానీ ప్రతి లంకకూ వంతెన వచ్చేదాకా ఆగలేం. డబ్బు పెద్దగా అక్కరలేని పని ఒకటి ముందే చెయ్యవచ్చు. లంక దూరాన్ని మ్యాపు మీద కాక దారి మీద లెక్కకట్టాలి. మనిషి నిజంగా ఏ ఒడ్డుకు నడుస్తున్నాడో ఆ ఒడ్డున అతనికి పని జరగాలి. హాస్టలు సీటు, ఆసుపత్రి, రేషను, ధ్రువపత్రం ఏదైనా సరే, జిల్లా అడ్డం రాకూడదు.

ఇది మేము కొత్తగా కనిపెట్టిన కోరిక కాదు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని కింద కేంద్రం ఇచ్చిన మాదిరి నియమాల్లో అయిదో తరగతి వరకు బడి కిలోమీటరు నడక దూరంలో, ఎనిమిది వరకు మూడు కిలోమీటర్ల నడక దూరంలో ఉండాలన్నారు. అక్కడితో ఆగలేదు. వరద భయం ఉన్నచోట, రోడ్డు లేనిచోట, బడికి పోయే దారిలో చిన్నపిల్లలకు ప్రమాదం ఉన్నచోట ఆ దూరాన్ని ఇంకా తగ్గించి బడి పెట్టాలన్నారు. అంటే పిల్లవాడి అడుగుతో దూరం కొలవాలని చట్టం రాసినవాళ్ళకు తెలుసు. ఆ మాటను బడికే కాక మిగతా అన్నిటికీ వర్తింపజేయమని మేము అడుగుతున్నాం.

నదిలో ఊళ్ళు ఒక్క మనకే లేవు. అస్సాంలో బ్రహ్మపుత్ర మధ్య మజులి అనే పెద్ద ద్వీపం ఉంది. దానికీ మనలాగే వరద, కోత. 2016లో దానిని ప్రత్యేక జిల్లా చేశారు. కోత ఆగలేదు, కానీ ఒక సంతకం కోసం నది దాటే అవస్థ తగ్గింది. అదే రాష్ట్రంలో నది లంకలకు డాక్టరు, నర్సు, మందులతో పడవలే ఆసుపత్రులుగా తిరుగుతున్నాయి. మా లంకలకు జిల్లా అక్కరలేదు. వారానికి ఒకరోజు రెండు జిల్లాల సిబ్బంది ఒక్క రేవులో కూర్చుంటే చాలు. పడవ ఆసుపత్రి ఒకటి వరద నెలల్లో తిరిగితే చాలు. బ్యారేజి లెక్కతో పాటు ప్రతి కాజ్‌వే దగ్గర ఒక కొలబద్ద పాతి, దాని మీదికి నీరెక్కిన రోజునే వరదగా రాసుకుంటే చాలు.

ఇక మన సంగతి. ఇంతవరకు ప్రభుత్వం ఏం చెయ్యాలో చెప్పాం. మనం ఏం చెయ్యాలో చెప్పకపోతే ఈ వ్యాసం సగమే.

గౌతమి మీద ఎదురులంక అనే ఊరుంది. దాని ఎదుట నది అవతల యానాం. 1954 దాకా అది ఫ్రెంచివాళ్ళ ఏలుబడి, ఇప్పుడు పుదుచ్చేరి. ఇటు ఒక ప్రభుత్వం, అటు ఒక ప్రభుత్వం, మధ్యలో నది. ఆ ఎదురులంకలో 1951లో ఒక దళిత కుటుంబంలో జి.ఎం.సి. బాలయోగి గారు పుట్టారు. ఊళ్ళో సరైన చదువు వసతి లేక పొరుగూరికి పోయి చదువుకున్నారు. 1998లో లోక్‌సభ స్పీకరు అయ్యారు. ఆ పదవిలో కూర్చున్న మొదటి దళితుడు ఆయనే. 2002 మార్చి 3న హెలికాప్టరు ప్రమాదంలో మరణించారు. ఎదురులంకనూ యానాంనూ కలిపే వారధికి ఈరోజు ఆయన పేరే ఉంది. ఆ వారధి మీదుగా పోయేటప్పుడు మాకు ఒకటే అనిపిస్తుంది. రేవులో పడవ కోసం నిలబడ్డ రోజులు మరిచిపోనివాడు పెద్దవాడైతే వంతెన వస్తుంది. మరిచిపోయినవాడు ఎంత పెద్దవాడైనా రేవు రేవులాగే ఉంటుంది.

మనలో చాలామందికి చదువు అంటే లంక నుంచి తప్పించుకునే దారి. ఉద్యోగం రాగానే రాజమండ్రిలోనో కాకినాడలోనో అద్దెకు దిగుతాం. "మీది ఏ ఊరు?" అంటే మండలం పేరు చెప్పి ఊరుకుంటాం. అన్నలారా, మిమ్మల్ని తప్పుపట్టడానికి ఈ మాట అనడంలేదు. రేపు మేమూ అదే చేస్తామేమోనని మాకే భయం. అందుకే ఇప్పుడే అచ్చులో రాసి పెట్టుకుంటున్నాం.

మేము ఒక పని మొదలుపెట్టదలిచాం. ఈ సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయే ప్రతి లంక విద్యార్థి ఒక నోటు పుస్తకం తీసుకుపోవాలి. తన ఇంటి నుంచి బడికి, ఆసుపత్రికి, మండల కార్యాలయానికి, రేషను దుకాణానికి నడిచే దారి ఎంతో, ఎంతసేపు పడుతుందో, పడవ కూలి ఎంతో రాయాలి. పోయిన వానాకాలంలో దారి ఎన్ని రోజులు మూతపడిందో ఇంట్లో పెద్దలను, పడవ సరంగును అడిగి రాయాలి. చదువు మానేసిన పిల్లలెందరో, ఏ తరగతిలో మానేశారో రాయాలి. పేర్లు అక్కరలేదు, లెక్క చాలు. ఆ పుస్తకాలన్నీ ఇక్కడ ఒకచోట చేర్చి పట్టిక చేస్తాం.

ఇక్కడే పూర్వ విద్యార్థులైన అన్నల సాయం కావాలి. మీలో టీచర్లున్నారు, గ్రామ సచివాలయాల్లో పనిచేసేవారున్నారు, వకీళ్ళున్నారు, పోలీసులున్నారు. మా పట్టికను అర్జీగా ఎలా రాయాలో, ఎవరికి ఇవ్వాలో చెప్పండి. 2005 సమాచార హక్కు చట్టం కింద మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఫీజు లేకుండా, మండల స్థాయిలో 5 రూపాయలతో సమాచారం అడగవచ్చు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మా లంకకు ఏ పని మంజూరైందో, ఎక్కడ ఆగిందో అడగడం నేర్పండి. రెండు జిల్లాల కలెక్టర్లకు ఒకే అర్జీ ఒకే రోజు ఇద్దాం. "మీది మా జిల్లా కాదు" అని ఎవరూ అనడానికి వీలుండదు.

బాబాసాహెబ్ మహద్ చెరువు నీళ్ళ కోసం 1927లో జనాన్ని వెంటబెట్టుకుని నడిచారు. అప్పుడు నీళ్ళు ఎదురుగానే ఉన్నాయి, ముట్టుకునే హక్కు లేదు. మాకు చుట్టూ నీళ్ళే, దాటే దారి లేదు. ఆయన మనకు నేర్పింది అడగడం. అడిగేముందు లెక్క సరిచూసుకోవడం కూడా ఆయన దగ్గరే నేర్చుకోవాలి.

వచ్చే ఏడు వార్షికోత్సవ సంచికలో మళ్ళీ ఈ పేజీ ఉంటుంది. అప్పుడు ఇక్కడ మా అభిప్రాయం కాకుండా మా పట్టిక అచ్చవ్వాలి. ఏ లంక, ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని రోజులు, ఎంతమంది పిల్లలు. మా దూరాన్ని మేమే కొలిచి పెడతాం. దానిని తగ్గించే పనిలో మీరందరూ మాతో కలిసి రావాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.

ఇట్లు,
మీ హాస్టలు లంక విద్యార్థులు